హాజరుపట్టీయు యోగ్యతాపత్రమును

(ప్రొద్దుటూరు వైద్యసంఘ సభలో చేసిన స్మారకోపన్యాసము)



ఆహ్వానము చేతికందిన దినమున, ఇంతటి గౌరవమునకు నేను తగనని వినయముగా బదులు వ్రాయుదమని కూర్చుంటిని గాని, ఉపన్యాసవిషయము మీద దృష్టి పడుటతోడనే ఆ వినయము కాస్తయు జారిపోయినది. వృత్తిసంఘములు అంతర్జాలము ద్వారా నిరంతరవిద్య నొసగి యోగ్యతాపత్రము లిచ్చుట యెట్లు అనునది కార్యవర్గమువారు నిర్ణయించిన విషయము. నిరంతరవిద్యను గూర్చి నేను చిరకాలముగా ఒకేమాట చెప్పుచున్నాననియు, ఆ మాట ఈ ఊర నెవ్వరికిని రుచింపలేదనియు వారెరుగనిది కాదు. ఎరిగియు పిలిచిరి గనుక, వినుటకు సిద్ధపడియే పిలిచిరని ధైర్యము తెచ్చుకొనుచున్నాను.

ఈ ఉపన్యాసము ఎవరి స్మారకమో ఆ డాక్టరుగారిని గూర్చి రెండు మాటలు. ఆయన పేరు ఆహ్వానపత్రము మీద నున్నది. ఊరిలో ఆయనను పేరుపెట్టి పిలిచినవారిని మాత్రము నేనెరుగను. 'డాక్టరుగారు' అన్నచో ఆయనయే. తక్కినవారందరును ఫలానా వీధి డాక్టర్లు. ఆయన హస్తవాసిని గూర్చియు, దాతృత్వమును గూర్చియు నాకు ముందు మాటలాడిన పెద్దలు చెప్పియున్నారు, అన్నియు నిజములే. వారు చెప్పనిది ఒకటి కలదు: ఆయన నాతో చాలకాలము మాటలాడలేదు. సంఘకార్యదర్శిగా నున్న దినములలో ఆయన ఒక హాజరుపట్టీ నుంచెడివారు. వచ్చిన వేళ యొక గడిలో, పోయిన వేళ వేఱొక గడిలో వ్రాయవలెను. వందనసమర్పణ కాకమునుపే లేచిపోయినవారికి ఆ గంట దక్కదు. ఆ పట్టీ కుర్చీ నిండెనని ఋజువు చేయునే గాని బుద్ధి నిండెనని ఋజువు చేయదని నేనొక పత్రికలో వ్రాసితిని. అంతటితో మాటలాగిపోయినవి. అటుపిమ్మటను రోగులను నాయొద్దకు పంపుచునే యుండిరి. ఉత్తరముమీద మాత్రము నా పేరుండెడిది కాదు, 'మెడిసిన్ ప్రొఫెసరుగారికి' అని యుండెడిది. మరణించినవారితో వాదించుట మర్యాద కాదని తెలియును. ఐనను ఆయన జీవించియున్న కాలమున వాదించుట మర్యాద మాట యటుంచి సాధ్యమే కాకుండెను, ఏలయన ఆయన నన్ను వాక్యము పూర్తిచేయనిచ్చువారు కారు. నేడు పూర్తిచేసికొందును.

అందరికిని తెలిసిన సంగతులను వేగముగా దాటిపోవుదము. పట్టము పుచ్చుకొన్న పిదప వైద్యుడు చదువు మానరాదనుటలో వివాదము లేదు. 2002 ఏప్రిల్ 6 నాటి గెజెట్టులో వెలువడిన వృత్తినియమావళి ప్రతి వైద్యుడును అయిదేండ్లలో 30 గంటలు నిరంతరవిద్యాసభలలో పాల్గొనవలెనని చెప్పినది. నర్సులకు అయిదేండ్లకు 150 గంటలు. స్వయముగా వృత్తి చేసికొను చార్టర్డ్ అకౌంటెంటునకు మూడేండ్లకు 120 గంటలు. (వైద్యునికంటె నర్సునకు అయిదింతల చదువు కావలెనని నిర్ణయించినవారి ఉద్దేశము వైద్యులకు గౌరవకరమో కాదో నేనింకను తేల్చుకొనలేదు.) 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషను క్రొత్త నియమావళిని ప్రకటించి, మూడు వారములకే, ఆగస్టు 23న, దానిని నిలిపివేయగా మరల 2002 నాటి నియమమే మనకు దిక్కైనది. కరోనా దినములలో సభలన్నియు తెరమీది కెక్కినవి. 2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య మార్గదర్శకములు, అట్టి వైద్యము చేయదలచినవారు మూడేండ్లలోపల ఒక అంతర్జాల పాఠ్యక్రమమును విధిగా పూర్తిచేయవలెననుటతో, తెరమీది చదువు ప్రభుత్వమునకును సమ్మతమేనని తేలిపోయినది.

ఆ చదువువలని మేలును నేను కాదనుట లేదు. పందొమ్మిదవ శతాబ్ది చివర లండన్ మిషను పక్షమున క్యాంబెల్ దొర జమ్మలమడుగున ఆసుపత్రి నెలకొల్పిన కాలమున, క్రొత్త వైద్యగ్రంథమేదైన కావలెనన్న ఓడలో రావలసినదే. నేడదే ఊరి వైద్యుడు రోగులందరు వెడలిన పిదప, మంచముమీద పండుకొని, లండను ఆచార్యుని ఉపన్యాసమును చేతిలోని ఫోనులో వినుచున్నాడు. పులివెందులలో ఒంటిచేతిమీద ప్రసూతిశాల నడపుకొను వైద్యురాలు ఒక గంట ఉపన్యాసమునకై కడపకో తిరుపతికో పోయివచ్చుట యనగా, ఆ దినము నొప్పులతో వచ్చువారిని దైవమునకు వదలుటయే. ఆమెకు తెరమీది పాఠము వరము. ఇంతవరకు మనకందరికిని ఏకాభిప్రాయము.

ఇక వివాదము. డాక్టరుగారి వాదమును వారి పక్షమున నిలిచి యథాతథముగా చెప్పెదను, ఏలయన అది బలహీనమైన వాదము కాదు. "గంట కొలతకు లొంగును, జ్ఞానము లొంగదు. లొంగినదానిని కొలుచుట నిజాయితీ. లొంగనిదానిని కొలిచినట్లు నటించుట దంభము. మనిషి వచ్చి కూర్చుండెనా, ఏదో ఒకటి చెవిని పడకపోదు. పరీక్ష పెట్టితిమా, పెద్దలు రారు. పెద్దలు రాని సంఘమునకు పిన్నలును రారు. తుదకు పరీక్షయు ఉండదు, సంఘమును ఉండదు." ఇది ఆయన మాట. ఈ సభలో సగముమందికి నేటికిని ఇదియే మాటయని వారి ముఖములే చెప్పుచున్నవి.

మొదట 'ఏదో ఒకటి చెవిని పడును' అనుదానిని చూతము. చెవిని పడునది చేతికి దిగునా యనునదే ప్రశ్న. కెనడా దేశీయుడగు డేవిస్ అను నాతడును సహచరులును 1999లో అమెరికా వైద్యసంఘ పత్రికలో ఒక సమీక్షను ప్రకటించిరి. యాదృచ్ఛిక పద్ధతిని జరిగిన 14 ప్రయోగములను వారు పరిశీలింపగా, కేవలము ఉపన్యాసము వినిపించిన సభలవలన వైద్యుని ఆచరణమున చెప్పుకొనదగిన మార్పు కానరాలేదు. వైద్యునిచేత మాటలాడించి, పని చేయించి, తప్పు దిద్దిన సభలవలన మాత్రము మార్పు కలిగినది. ఇది కడపటి మాట కాదనియు, పిమ్మట వచ్చిన సమీక్షలు ఉపన్యాసమునకును కొంత ఫలము కలదన్నవనియు నాకు ఎదురు చెప్పువారు కలరు. కలదనుకొందము, ఆ కొంతయే మనము అయిదేండ్లకొకసారి నమోదు పునరుద్ధరణకు ఆధారముగా చేసికొన్నది! 'ఇవి అమెరికా పరిశోధనలు, మనకేల' యని మఱియొక ఆక్షేపణ. సెలవు పెట్టుకొని, నిశ్చింతగా కూర్చుండి విన్నవాడే మారనప్పుడు, బయట బెంచీలమీద రోగులను కూర్చుండబెట్టి, ఫోనును బల్లమీద మాటలాడనిచ్చి, తాను నాడి పట్టుకొని చూచువాడు మారునని యెట్లు నమ్ముదము? ఉపన్యాసము నడుచుచున్నది, హాజరు పడుచున్నది, యోగ్యతాపత్రము మెయిలులో వచ్చుచున్నది. హాజరుపట్టీ తెరమీదికెక్కినంతనే డాక్టరుగారి వాదమున కున్న ఒక్క బలమును పోయినది: ఆయన పట్టీ కుర్చీ నిండెననియైన ఋజువు చేసెడిది, ఇది అదియును చేయదు.

ఇందుకు దోషము తెరది కాదు. 2005లో హ్యూస్టన్ నగరమున ఫోర్డిస్ ప్రభృతులు సుమారు నూరుగురు వైద్యులతో ఒక ప్రయోగము చేసిరి. రక్తములోని కొవ్వును గూర్చిన పాఠమునే కొందరికి ఎదుట కూర్చుండబెట్టి, కొందరికి అంతర్జాలమున చెప్పిరి. జ్ఞానము ఉభయత్ర సమానముగనే పెరిగెను. రోగుల చీటీలను పరిశీలింపగా, ప్రమాదము హెచ్చుగానున్నవారికి తగిన మందు వ్రాయుట మాత్రము అంతర్జాలమున చదివినవారిలోనే పెరిగినట్లు తేలెను. 2008లో కుక్ మొదలగువారు 201 అధ్యయనములను క్రోడీకరించి, అంతర్జాల విద్య అసలు విద్య లేకుండుటకంటె ఎంతయో మేలనియు, ఇతర పద్ధతులతో పోల్చినచో ఇంచుమించు సమానమనియు చూపిరి. కనుక తెరయా, సభామంటపమా అను కలహము నా దృష్టిలో ముగిసిపోయినది. మనవారు ఇంకను దానియందే తలమునకలై యుండుట, అసలు ప్రశ్నను తప్పించుకొనుటకేమో యని నా అనుమానము.

అసలు ప్రశ్న యిది: నేర్చెనని ఎవరు చెప్పవలెను? నేర్చినవాడు చెప్పుటకు వీలులేదు. ఆ డేవిసే 2006లో వైద్యుల స్వీయమూల్యాంకనమును, ఇతరులు పరీక్షించి చూచినదానిని పక్కపక్కన పెట్టి 20 పోలికలు చూడగా, అందు 13 చోట్ల రెంటికిని పొంతన అత్యల్పమో, శూన్యమో, విపరీతమో యైనది. తక్కువ తెలిసి, ఎక్కువ ధీమా గలవారియందు ఆ అంతరము మఱింత పెద్దది. నేర్పినవాడు చెప్పుటకును వీలులేదు. ప్రొద్దుటూరివారికి ఈ మాట నేను చెప్పవలెనా? బంగారము మీ ఊరి ప్రాణము. నగ చేసినవాడును అమ్మినవాడును దాని స్వచ్ఛతకు తామే ముద్ర వేసికొనరాదు. పరీక్షాకేంద్రము వేఱుగా నుండవలెను. 2021 జూన్ 16 నుండి 256 జిల్లాలలో ఈ హాల్‌మార్కు విధాయకమైనది. కమ్మలజతకున్నపాటి రక్షణ కట్లపాము కరచిన మనిషికి అక్కరలేదా?

మన సంఘములలో జరుగునదేమి? సంఘమే వక్తను పిలుచును, సంఘమే గంటలకు అనుమతి తెచ్చుకొనును, సంఘమే పత్రము నిచ్చును. భోజనపు ఖర్చు మందుల కంపెనీది. 2009 డిసెంబరులో వైద్యమండలి, మందుల కంపెనీలనుండి కానుకలు, ప్రయాణములు, ఆతిథ్యములు పుచ్చుకొనరాదని నియమావళికి సవరణ చేసినప్పుడు, అది వైద్యులకును వైద్యసంఘములకును గూడ వర్తించెడిది. 2016 ఫిబ్రవరిలో మఱియొక సవరణ వచ్చి, సంఘములను దాని పరిధినుండి తొలగించినది. వైద్యుడు ఒంటరిగా తినరాని విందు సంఘముగా కూడి తినవచ్చునను ధర్మసూక్ష్మము నాకు నేటికిని బోధపడలేదు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము మందుల విక్రయమునకు ఒక ఏకరూపనియమావళిని తెచ్చి, కంపెనీలు విదేశములలో ఇట్టి సభలు జరుపరాదన్నది. కంపెనీల చేతులు కట్టుట మంచిదే, సంఘముల చేతుల మాట యేమి? నేను ఎవ్వరి నిజాయితీని శంకించుట లేదు. బోధన, పోషణ, ముద్రణ మూడును ఒకే బల్లమీద జరుగుట మంచిది కాదనుచున్నాను.

కనుక నా ప్రతిపాదన మీకు తలక్రిందుగా తోచును. వృత్తిసంఘము బోధనను మానివేయవలెను. నేడు బోధన కరవు లేదు. ప్రపంచములోని ప్రతి పెద్ద ఆసుపత్రియు పాఠములను ఉచితముగా వెదజల్లుచున్నది. ప్రొద్దుటూరు శాఖ ఒక వక్తను పిలిచి, ఆయన వెల్లూరులో చెప్పినదానినే మరల తెరమీద చెప్పించుటవలన జగత్తులోని విద్య రవ్వంతయు పెరుగదు. కరవైనది పరీక్ష. ఎదురుగా నిలిచి, 'ఈ పని ఇతనికి వచ్చును' అని సంతకము చేయగల సాక్షి కరవు. ఒకరి రోగులను ఒకరు చూచిన ఇరుగుపొరుగు వైద్యులే ఆ సాక్ష్యమునకు అర్హులు. అట్టివారి కూటమియే గదా సంఘము? 'స్వయం' అను ప్రభుత్వవేదిక 2017లో ఆరంభమైనది. అందలి ఇంజనీరింగు పాఠములను విద్యార్థి ఇంటనే చదువును, యోగ్యతాపత్రము కావలసినచో పరీక్షాకేంద్రమునకు స్వయముగా వచ్చి పరీక్ష వ్రాయును. కుర్రవాండ్రకు తగిన పద్ధతి వైద్యులకు తగదా?

ఇందుకు మూడు ఆక్షేపణలు విన్నాను. మొదటిది, పెద్దలకు అవమానమని. ఈ ప్రొద్దుటూరిలో శివతాండవము రచించిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు, బాల్యమున తామే రచించిన పెనుగొండలక్ష్మి పాఠ్యగ్రంథముగా నున్న విద్వాన్ పరీక్షకు తామే కూర్చుండవలసివచ్చిన కథ మీరెరుగుదురు. ఆయనకు లేని అవమానము మనకెక్కడినుండి వచ్చినది?

రెండవది అమెరికా అనుభవము. అచ్చటి అంతర్వైద్య మండలి 1990 నుండి తన పత్రములకు పదేండ్ల గడువు పెట్టి, పరీక్షలు, రుసుములు పెంచుకొనుచు పోగా, వైద్యులు తిరుగబడిరి. 2015 ఫిబ్రవరిలో మండలి అధ్యక్షుడే బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను. పోటీగా మఱియొక మండలియు అదే యేట వెలసినది. 'చూచితివా, పరీక్ష పెట్టిన ఫలము' అని మిత్రులు నాకీ ఉదాహరణను పదేపదే చూపుదురు. వారు తిరుగబడినది దేనిమీద? తమ రోగులెవరో యెరుగని దూరపు కార్యాలయము, తమ పనికి సంబంధింపని ప్రశ్నలు వేసి, హెచ్చు రుసుము వసూలుచేయుటమీద. అది పరీక్షకు దూషణ కాదు, చెడ్డ పరీక్షకు దూషణ. గుండెజబ్బుల నిపుణుని గుండెజబ్బులలో, పల్లెవైద్యుని పల్లెరోగములలో, వారి పని తెలిసినవారు పరీక్షించినచో ఆ తిరుగుబాటునకు చోటేది?

మూడవది మిత్రపక్షపాతము. ఇది ఉన్నంతలో గట్టిది. పరీక్షించువాడు పరీక్షకు కూర్చున్నవాని బావమఱదియో, మందులషాపు భాగస్వామియో కావచ్చును. అందుకే ఏ ఊరివారు ఆ ఊరివారిని పరీక్షింపరాదనుచున్నాను. పులివెందులవారిని జమ్మలమడుగువారును, జమ్మలమడుగువారిని ప్రొద్దుటూరివారును, మిమ్ములను పులివెందులవారును పరీక్షింతురు. పరీక్షించినవాని పేరును పత్రము మీద నచ్చువేయబడును. పత్రము ఒక్క పనికి మాత్రమే, పరిమితకాలమునకు మాత్రమే చెల్లును. ఈ మూడు ఊళ్ల వైద్యులు ఒకరి పొరపాట్లను ఒకరు ఎంత శ్రద్ధగా జ్ఞాపకముంచుకొందురో నేనెరుగుదును. ఆ శ్రద్ధ కాఫీహోటలులో వ్యర్థమగుచున్నది; సంఘము దానిని పనిలో పెట్టుకొనవలెను.

ఇప్పుడు నేను చేయుచున్న పనిని గూర్చి కొంత చెప్పుకొందును. పాముకాటు నెంచుకొంటిని. 2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో ప్రకటితమైన లెక్క. ఆ మరణములలో అధికభాగము ఎనిమిది రాష్ట్రములలోనిది, అందు మనదియు ఒకటి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికిని ఒకే విరుగుడు మందు. మందు ఉన్నది; ఎప్పుడు పెట్టవలెనో తెలియుటయే విద్య. పరిశుభ్రమైన, పొడి గాజుగొట్టములో రక్తము తీసి, ఇరువది నిమిషములు కదల్పక నిలిపి, పిమ్మట వంచి, గడ్డకట్టెనా లేదా చూచుట యను పరీక్షకు యంత్రము కూడ నక్కరలేదు. ఈ విషయమున ఉపన్యాసము విననివారు మనలో లేరు. గొట్టమును సబ్బుతో కడిగి పెట్టినవారును, ప్లాస్టికుది వాడినవారును, అయిదవ నిమిషముననే ఊపి చూచినవారును మాత్రము చాలమంది కలరు. ఇది తెరమీద ప్రశ్నకు జవాబు నొక్కుటచే తేలునది కాదు. గాజుగొట్టమును, గడియారమును, ప్రక్కన నిలిచి చూచుచు నోరు మెదపని పరీక్షకుడును కావలెను. కట్లపాము సంగతి మఱింత కఠినము: రాత్రి నేలమీద పండుకొన్నవానికి కరచిన నొప్పియు తెలియదు, తెల్లవారి కడుపునొప్పియని వచ్చును, రెప్పలు వాలుచుండును, పిమ్మట శ్వాస పోవును. పులివెందులనుండి కడపవరకు అంబులెన్సులో ఊపిరిసంచిని చేతితో నొక్కుచు పోగలవాడే రోగిని బ్రతికించువాడు. ఎంతసేపు, ఏ లయలో నొక్కగలడో చూడకయే వానికి పత్రము నెట్లిత్తుము?

కావున పాఠమంతయు అంతర్జాలమున, తెలుగున, ఫోనులో చదువుకొనదగినట్లు రోగవృత్తాంతముల రూపమున కూర్చుచున్నాను. పరీక్ష మాత్రము ఎదుటనే. వైద్యునికేకాక, రాత్రివేళ మొదట తలుపు తీయు నర్సునకును కాంపౌండరునకును ఇది తెలియవలెను గనుక తెలుగును ఎంచుకొంటిని. వృత్తాంతములలో మొదటివి ఎక్కడివో చెప్పినచో మీరాశ్చర్యపడుదురు: డాక్టరుగారు నా పేరు వ్రాయక నాకు పంపిన ఆ ఉత్తరములే. కాటువేళ, కట్టు కట్టినవేళ, ఊరిలో వేసిన పసరు, రెప్పలు వాలిన క్రమము, ఆయన ఇచ్చిన మందు, ఇయ్యక ఆపిన మందు, ఆపుటకు కారణము, అన్నియు అందున్నవి. హాజరుపట్టీని సమర్థించిన ఆ చేయియే ఇంతచక్కని పరీక్షాపత్రములను వ్రాసియుండుట నాకు ఆయన వాదమునకంటె బలమైన ఖండనగా తోచినది.

సంఘమువారిని నేను డబ్బడుగను. ఒక గది, ఒక బల్ల, వరుసక్రమమున ప్రతి ఊరినుండియు ఇరువురు పరీక్షకులు చాలును. రక్తపింజరి వృత్తాంతములు నాయొద్ద చాలినన్ని చేరినవి. కట్లపామువి తక్కువ, చిన్నపింజరివి మఱియు తక్కువ. రోగి పేరు, ఊరు తీసివేసి పంపుడు. బ్రతికినవారివే పంపవలదు, మీరు పంపినవాటిలో ఇంతవరకు ఒక్కడును చనిపోలేదు, నేను దానిని నమ్ముట లేదు. ఇంగ్లీషున నున్నను సరే, చీటీ వెనుక పెన్సిలుతో వ్రాసినదైనను సరే. భోజనము ముగిసిన పిదప ద్వారముకడ నేను కూర్చుండియుందును, ఇప్పుడు జేబులో వృత్తాంతము గలవారు అచ్చటనే ఇయ్యవచ్చును.